నాలందా ముద్ర ఎవరిది?

నాలందా అనగానే మన వ్యాసకర్తలకు ఒక పారవశ్యం కలుగుతుంది. పదివేల మంది భిక్షువులనీ, అంతస్తులంతస్తులుగా లేచిన విహారాలనీ, చైనా నుంచి కొండలూ ఎడారులూ దాటి వచ్చిన జిజ్ఞాసువులనీ వర్ణించి, అటువంటి వైభవం మళ్ళీ రావాలని ముగిస్తారు. వైభవాన్ని నేను కాదనడం లేదు. కాని నాలందా తనను గురించి తాను ఏమని చెప్పుకున్నదో తెలుసుకోవడానికి మనకొక సాధనం ఉన్నది. దాన్ని అలంకారంగా వాడుకుంటున్నారే గాని ఎవరూ చదవడం లేదు. అది ఆ మహావిహారం యొక్క ముద్ర. నడుమ ధర్మచక్రం, రెండు పక్కలా రెండు లేళ్ళు, కింద ఒక వాక్యం. బొమ్మ బాగున్నదని పుస్తకాల అట్టలకెక్కించిన వాళ్ళలో ఎందరు ఆ కింది వాక్యం మీద కాసేపు నిలిచారో నాకు అనుమానమే.

ముందు వస్తువును చూద్దాం. 1915లో పురావస్తుశాఖ నాలందా దిబ్బల్ని తవ్వడం మొదలుపెట్టిన తర్వాత బయటపడ్డ వాటిలో విగ్రహాలూ, రాగిరేకులూ ఎంత ముఖ్యమైనవో, వందలకొద్దీ దొరికిన మట్టిముద్రలు కూడా అంత ముఖ్యమైనవి. వీటి శాసన భాగాన్ని హీరానంద శాస్త్రి పరిష్కరించి 1942లో ప్రకటించాడు. ముద్ర అంటే రాతి మీద చెక్కిన శిల్పం కాదు. తడిమట్టి ముద్దను ఉత్తరం కట్టిన దారం ముడి మీదనో, సామాను మూట మీదనో పెట్టి, చెక్కిన అచ్చుతో అదిమితే పడే గుర్తు. అంటే అది పనిముట్టు. ఇది మాది, మేము పంపినది, మధ్యలో ఎవరూ విప్పలేదు అని చెప్పడానికి పుట్టినది. భక్తి కోసం కొట్టిన మట్టిబిళ్ళలు కూడా ఉన్నవి గాని, ముద్ర స్వభావం మాత్రం కచేరీ స్వభావమే. దాన్ని ఆ దృష్టితోనే చదవాలి.

బొమ్మ అర్థం బౌద్ధం తెలిసిన వారికెవరికైనా తెలిసినదే. బుద్ధుడు కాశీ దగ్గర సారనాథ్‌లోని మృగదావంలో అయిదుగురు శిష్యులకు తొలిసారి ధర్మం చెప్పాడు. చక్రం ఆ ధర్మం. లేళ్ళు ఆ తావు. మన అమరావతి శిల్పులు బుద్ధుడి మూర్తిని చెక్కకుండా స్తంభం మీద చక్రాన్ని నిలిపి అదే బుద్ధుడన్నారు. కాబట్టి ఈ సంకేతం తెలుగువారికి కొత్తదేమీ కాదు. చదువు చెప్పే సంస్థ తొలి పాఠం జరిగిన చోటును తన గుర్తుగా పెట్టుకోవడం ఉచితంగానే ఉన్నది. అయితే చక్రానికి రెండో అర్థం కూడా ఉన్నదని మరచిపోకూడదు. దిక్కులన్నిటినీ జయించే చక్రవర్తి రథచక్రమూ అదే. బౌద్ధులు రాజ్యాధికారపు గుర్తును తీసుకొని దానికి వేరే అర్థం కట్టారు. గుర్తును తీసుకున్నవాడు దాని పాత యజమానిని పూర్తిగా వదిలించుకోగలిగాడా అన్నది మనం చూడవలసిన విషయం.

లేళ్ళ వెనక కూడా ఒక కథ ఉన్నది. మృగదావానికి ఆ పేరు ఎట్లా వచ్చిందో జాతక కథ చెబుతుంది. హ్యూయన్‌త్సాంగ్ కూడా సారనాథ్ వెళ్ళినప్పుడు ఆ కథ విని రాసుకున్నాడు. కాశీరాజు రోజూ వేటకు వచ్చి మందల్ని చెదరగొడుతుంటే, లేళ్ళు ఒక ఒప్పందానికి వస్తాయి: రోజుకొక లేడి వంతు ప్రకారం తానే వచ్చి వంటశాలకు అప్పగించుకుంటుంది. ఒకనాడు చూలు లేడి వంతు వస్తే దాని బదులు మందరాజు తానే వెళ్ళి మెడ చాస్తాడు. రాజు సిగ్గుపడి ఆ అడవిని లేళ్ళకు వదిలేస్తాడు. దీన్ని కరుణకు దృష్టాంతంగా చెబుతారు, నిజమే. కాని కథలోని మొదటి సగం ఎంత స్పష్టంగా కప్పం కథో చూడండి. దోపిడీని క్రమబద్ధం చేసి, వంతులు వేసి, దానికి ఒప్పందమని పేరు పెట్టడం పల్లె మనిషికి బాగా తెలిసిన అనుభవం. చెప్పిన వాళ్ళు రాజాస్థానంలో పుట్టి ఉండరు. అటువంటి లేళ్ళు మహావిహారం ముద్ర మీద మోకరించి కూర్చున్నవి.

ఇక వాక్యం: "శ్రీ నాలందా మహావిహారీయ ఆర్య భిక్షు సంఘస్య". నాలందా మహావిహారానికి చెందిన పూజ్య భిక్షుసంఘం యొక్కది అని అర్థం. చివరి "స్య" షష్ఠీ విభక్తి ప్రత్యయం. ఎవరిది అనే ప్రశ్నకు సమాధానం ఆ ఒక్క అక్షరంలో ఉన్నది. బుద్ధుడిది అనలేదు. విహారాధిపతిది అనలేదు. కట్టించిన రాజుది అనలేదు. సంఘానిది అన్నారు. వాక్యంలో ఒక్క వ్యక్తి పేరు కూడా లేదు.

ఇది యాదృచ్ఛికం కాదనడానికి ఆధారం ఉన్నది. మూలసర్వాస్తివాదుల వినయ గ్రంథం ముద్రలకు నియమం చెప్పింది. ఇత్సింగ్ నాలందాలో పదేళ్ళు చదువుకొని స్వదేశం చేరి, ఎనిమిదో శతాబ్దపు తొలి సంవత్సరాలలో దాన్ని చైనా భాషలోకి తెచ్చాడు. సంఘం సొమ్ము దొంగల పాలవుతుంటే ముద్ర వేసుకోవడానికి బుద్ధుడు అనుమతించాడట. కొంటె భిక్షువులు కొందరు బూతుబొమ్మలు చెక్కించుకుంటే కట్టడి చేశాడట. నియమం ఇది: సంఘం ముద్ర మీద ధర్మచక్రం, రెండు వైపులా మోకరించిన లేళ్ళు, వాటి కింద విహారం కట్టించిన దాత పేరు ఉండాలి. విడిగా ఒక భిక్షువు వాడుకునే ముద్ర మీద ఎముకల గూడో పుర్రెనో ఉండాలి. సొంత ఆస్తి మీద వేసే ముద్రకు పుర్రె బొమ్మ! నాది అని అదిమేటప్పుడల్లా చావు కనపడాలన్నమాట. సంఘం ఆస్తికి మాత్రం ఆ వైరాగ్యం అక్కర్లేదు, దానికి చక్రమున్నది. వ్యక్తి సొత్తు మీద ఏవగింపు, సమష్టి సొత్తు మీద గౌరవం. ఈ తేడాను బొమ్మలతో చెప్పిన నియమం ప్రపంచంలో మరెక్కడైనా ఉన్నదేమో నేనెరుగను.

ఆ నియమంలోని దాత పేరు సంగతి చూడండి. తొమ్మిదో శతాబ్దపు తొలి రోజుల్లో పాలరాజు ధర్మపాలుడు వరేంద్రభూమిలో, నేటి బంగ్లాదేశ్‌లోని పహార్‌పూర్ దగ్గర, సోమపుర మహావిహారం కట్టించాడు. అక్కడి ముద్రలోనూ చక్రమూ లేళ్ళూ ఉన్నవి. కాని వాక్యంలో "శ్రీ ధర్మపాలదేవ మహావిహారం" అని రాజు పేరు చేరింది. ఆ తర్వాతే భిక్షుసంఘం. నాలందాను శక్రాదిత్యుడు స్థాపించాడని హ్యూయన్‌త్సాంగ్ రాశాడు. అతడు అయిదో శతాబ్దపు మొదటి కుమారగుప్తుడని చరిత్రకారుల ఊహ. అతని వెనక ఎందరో రాజులు తలా ఒక విహారం కట్టారు. ఇందరిలో ఒక్కరి పేరైనా మహావిహారం ముద్ర మీదికి ఎక్కలేదు. దాతలు ఎక్కువైనారు గనుక ఏ ఒక్కరి పేరూ పెట్టలేదని ఎవరైనా అనవచ్చు. అనవచ్చు గాని, ఫలితం మాత్రం ఒకటే: ఎవరి దయవల్ల బతుకుతున్నామో వారి పేరు లేకుండా సంతకం చేయగల స్థితికి ఆ సంఘం చేరుకున్నది.

అదే తవ్వకాలలో రాజుల ముద్రలు కూడా దొరికినవి. గుప్తుల ముద్రల మీద గరుడుడు, హర్షుడి ముద్ర మీద నంది. కింద తాత, తండ్రి, తల్లి అంటూ తరతరాల వంశావళి. జిల్లా అధికారుల కచేరీ ముద్రల మీద ఏనుగులు నీళ్ళు కుమ్మరిస్తుండగా నిలిచిన లక్ష్మి. శిస్తు వసూలు చేసేవాడు లక్ష్మిని పెట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. మన తూర్పు చాళుక్యుల రాగిరేకుల ముద్రల మీద వరాహమూ, "త్రిభువనాంకుశ" బిరుదూ, పక్కన నిజంగానే ఒక అంకుశమూ ఉంటాయి. లోకాన్ని ఏనుగును పొడిచినట్లు పొడిచి నడిపిస్తామని దాపరికం లేకుండా చెప్పారు. వీటి నడుమ నాలందా ముద్ర ప్రత్యేకత కొట్టవచ్చినట్లు కనపడుతుంది. ఆయుధం లేదు, వంశం లేదు, బిరుదు లేదు.

ఈ పద్ధతి సంఘానికి ఎక్కడిది? సంఘమనే మాటే బుద్ధుడి కాలంనాటి గణరాజ్యాలది. తన భిక్షువుల కట్టుబాట్లను ఆయన ఆ తెగల సభల నమూనా మీద మలిచాడని కోశాంబి వంటి చరిత్రకారులు వాదించారు. వైశాలిలో, అంటే నేటి బసాఢ్‌లో, గుప్తులనాటి ముద్రలు వందల సంఖ్యలో దొరికినవి. శ్రేష్ఠులు, సార్థవాహులు, కులికులు అనగా వడ్డీవ్యాపారులు, బిడారు నాయకులు, చేతిపనివాళ్ళు కలిసి ఒక నిగమంగా వేసిన ముద్రలవి. కాబట్టి నలుగురు కలిసి ఒక సంస్థగా నిలబడి, ఆ సంస్థ పేర చేవ్రాలు చేసే ఆచారం నాటి సంఘంలో గట్టిగానే ఉన్నది. చదువుకునే వాళ్ళు కూడా అదే దారి తొక్కారు.

యూరపులో దీనికోసం రక్తం చిందింది. పారిస్‌లో ఆచార్యులు కలిసి ఒక సంస్థగా తమకు తాము ముద్ర చేయించుకుంటే, 1225లో పోపు ప్రతినిధి రొమానో కార్డినల్ ఆ ముద్రను పగలగొట్టించాడు. విద్యార్థులు కర్రలూ కత్తులూ పట్టుకొని అతని బస మీద పడ్డారు. సొంత ముద్ర వేసుకునే హక్కు విశ్వవిద్యాలయానికి పోపు నాలుగో ఇన్నొసెంటు చేత 1246లో గాని దక్కలేదు. చిన్న లోహపు బిళ్ళ కోసం ఇంత రగడ ఎందుకంటే, ముద్ర ఉన్నవాడు దస్తావేజు రాయగలడు, అప్పు తేగలడు, దావా వేయగలడు. లేనివాడు ఒకరి చెప్పుచేతల్లోని గుంపు. నాలందా భిక్షుసంఘం ముద్రను ఈ వెలుగులో చూస్తేగాని దాని విలువ తెలియదు.

ఇంతవరకు చెప్పినది ఒక పార్శ్వం. ఇక్కడితో ఆపితే నేనూ వైభవం వ్యాసకర్తల్లో ఒకణ్ణవుతాను.

నాలందా దిబ్బల్లోనే మరో రకం ముద్రలు దొరికినవి. పల్లెల ముద్రలు. "పూరికా గ్రామ జానపదస్య" అని ఒకటి. పూరికా గ్రామపు జనానిది అని అర్థం. ఇట్లాంటివి ఇంకా కొన్ని. ఇక్కడ కూడా ఆ షష్ఠీ విభక్తే. పల్లె కూడా ఒక సమష్టిగా నిలబడి ముద్ర వేస్తున్నది. ఆ ముద్రలు విహారంలోకి ఎందుకు వచ్చినవి? పల్లె పంపిన ఉత్తరాలతోనో సరుకుతోనో వచ్చి ఉండాలి. పల్లెకూ విహారానికీ ఏం సంబంధమో చైనా యాత్రికులే చెప్పారు. ఏడో శతాబ్దపు మొదటి సగంలో నూరు గ్రామాల ఆదాయం నాలందాకు దఖలుపడి ఉండేదనీ, ఆ గ్రామాలలోని రెండువందల గృహస్థులు రోజూ బియ్యమూ వెన్నా పాలూ తెచ్చి అప్పగించేవారనీ హ్యూయన్‌త్సాంగ్ జీవితచరిత్రలో ఉన్నది. నలభై యేళ్ళ తర్వాత వచ్చిన ఇత్సింగ్ రెండువందలకు పైగా గ్రామాలన్నాడు. తొమ్మిదో శతాబ్దంలో సువర్ణద్వీపపు రాజు బాలపుత్రదేవుడు అక్కడొక విహారం కట్టించి కోరితే, పాలరాజు దేవపాలుడు దాని పోషణకు అయిదు గ్రామాలు ధారపోశాడు. ఆ రాగిరేకు 1921లో దొరికింది. భిక్షువులు తిండికోసం వెంపర్లాడకుండా చదువుకోగలిగారని యాత్రికుడు మెచ్చుకున్నాడు. ఆ నిశ్చింతకు మూల్యం ఎవరు చెల్లించారో పూరికా గ్రామపు మట్టిముద్ర చెబుతుంది.

ఇత్సింగ్ నిజాయితీపరుడు. తామ్రలిప్తిలో ఒక విహారం బయట తాను చూసినది రాశాడు. కౌలుదార్లు కూరగాయలు తెచ్చి మూడు పాళ్ళు చేసి, ఒక పాలు భిక్షువులకు ఇచ్చి రెండు పాళ్ళు ఇంటికి తీసుకుపోతున్నారట. ఇదేమిటని అడిగితే, భిక్షువులు స్వయంగా దున్నడం బుద్ధుడు నిషేధించాడు గనుక భూముల్ని ఇతరుల చేత సాగు చేయిస్తున్నామని సమాధానం వచ్చింది. నేల దున్నితే పురుగులు చస్తాయి, ఆ పాపం తమకు వద్దు. మరి దున్నేవాడి పాపం? దానికి లెక్క లేదు. విహారం ఎద్దుల్నీ పొలాన్నీ ఇచ్చి పంటలో ఆరో వంతు తీసుకునే పద్ధతి కూడా ఉన్నదని అతడే చెప్పాడు. ఆరో వంతు రాజభాగమని ధర్మశాస్త్రాల లెక్క. రాజు చక్రాన్ని సంఘం తీసుకుంటే, ఆ చక్రంతోపాటు రాజు వంతు కూడా వచ్చింది. లేళ్ళ కథలోని ఒప్పందం ముద్ర కిందనే అమలులో ఉన్నది.

పాలరాజుల రాగిరేకులకు కరిగించి అతికిన రాజముద్రల్ని చూస్తే ఈ వలయం పూర్తవుతుంది. వాటి మీద కూడా చక్రమూ రెండు లేళ్ళే. కింద మాత్రం "శ్రీ దేవపాలదేవస్య". రాజు నుంచి విహారం తీసుకున్న గుర్తు, తిరిగి రాజు ముద్ర మీదికి చేరింది. ఒక గ్రామంలోకి ఆ గుర్తుతో ఆజ్ఞ వస్తే, అది రాజుదో విహారానిదో రైతుకు తేడా తెలిసి ఉంటుందా? చదవడం రాని వాడికి బొమ్మే శాసనం. రెండిటి బొమ్మా ఒకటే.

ఇది నాలందా ఒక్కదాని కథ కాదు. భూమిదానాల మీద భూస్వామ్య వ్యవస్థ ఎట్లా పెరిగిందో రామ్ శరణ్ శర్మ 1965లో సవివరంగా చూపాడు. మన దగ్గరే 1261 నాటి మల్కాపురం శాసనం ఉన్నది. గణపతిదేవుడు, రుద్రమదేవి ఇచ్చిన గ్రామాల మీద విశ్వేశ్వర శివాచార్యుడు మఠమూ, పాఠశాలా, వైద్యశాలా, ప్రసూతిశాలా నడిపాడు. గొప్ప పనులే. ఖర్చు మాత్రం మందడం, వెలగపూడి పొలాలది. ఇంగ్లాండులో 1381 రైతుల తిరుగుబాటు సమయంలో కేంబ్రిడ్జి పట్టణ జనం విశ్వవిద్యాలయపు దస్తావేజుల్ని ముద్రలతో సహా బజారులో తగులబెట్టారు. వాళ్ళను విద్యాద్వేషులని చరిత్రకారులు నిందించారు. ఆ ముద్రలు వాళ్ళకు విద్యారూపంలో ఏనాడూ కనిపించలేదు. హక్కుల పత్రాలుగా, అద్దెలుగా, పెత్తనంగానే కనిపించినవి.

అయితే దీన్ని బట్టి సంఘం ముద్ర వట్టి బూటకమని కొట్టివేసే వాళ్ళతో కూడా నేను ఏకీభవించను. అటువంటి విమర్శ తేలిక. లోపల సమష్టి నిజంగానే పనిచేసింది. తామ్రలిప్తిలో కూరకాడ ఒకటి ఎవరైనా ఇచ్చినా సభ సమ్మతితోనే వాడేవారని ఇత్సింగ్ రాశాడు. సభను అడగకుండా సొంతంగా నిర్ణయించి, ఇష్టం వచ్చిన వాళ్ళకు మేలూ ఇష్టం లేని వాళ్ళకు కీడూ చేసే భిక్షువును విహారం నుంచి వెళ్ళగొట్టేవారట. అటువంటి వాడికి వాళ్ళు పెట్టిన పేరు "కులపతి". ఇంటి యజమాని లాగా ప్రవర్తించాడని ఆ తిట్టు. మనం ఈనాడు విశ్వవిద్యాలయానికి అధిపతిని ఏ మాటతో పిలుస్తున్నామో పాఠకులకు చెప్పనక్కర్లేదు. ఆనాడు గెంటివేతకు కారణమైన పేరు ఈనాడు పదవి పేరు. కింద ఉపకులపతి కూడా ఉన్నాడు.

ఈ సమష్టి బలం గోడల లోపలే ఆగిపోవడం దాని విషాదం. ద్వారం దగ్గరి పండితుడి ప్రశ్నలకు జవాబు చెప్పలేక పదిమందిలో ఏడెనిమిది మంది తిరిగిపోయేవారని హ్యూయన్‌త్సాంగ్ గర్వంగా రాశాడు. పూరికా గ్రామస్థుడు ఆ ద్వారం దాకా బియ్యం మూటతో వచ్చాడు గాని ప్రశ్నల దాకా రాలేదు. పన్నెండో శతాబ్దం చివర మగధ మీద తురుష్కుల దాడులు జరిగినవి. 1235 ప్రాంతంలో టిబెట్టు భిక్షువు ధర్మస్వామి వచ్చేసరికి నాలందాలో తొంభై దాటిన రాహులశ్రీభద్రుడు డెబ్బైమంది శిష్యులకు ఇంకా పాఠం చెబుతున్నాడు. కత్తి సంగతి అందరూ చెబుతారు, చెప్పవలసిందే. కాని కత్తి దెబ్బ తిన్న సంస్థలు ఎన్నో మళ్ళీ లేచినవి. చుట్టూ ఉన్న రెండువందల గ్రామాలు దాన్ని తమదని అనుకొని ఉంటే కథ అక్కడే ముగిసేదా అని నా ప్రశ్న. తమదనుకోవడానికి వాళ్ళకు కారణం ఏముంది? ముద్ర మీద వాళ్ళు లేరు.

నాలందా పేరు మీద 2010లో పార్లమెంటు చట్టంతో కొత్త విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2016లో శిథిలాలు ప్రపంచ వారసత్వ జాబితాకెక్కినవి. సంతోషమే. దేశంలో ప్రతి విద్యాసంస్థకూ నేడొక లాంఛనం ఉన్నది: దీపమో, తామరపువ్వో, పుస్తకమో, కింద ఒక సంస్కృత వాక్యం. వాటిని నేను చూసినప్పుడల్లా చివర ఏ విభక్తి ఉన్నదా అని వెతుకుతాను. జ్ఞానాన్ని పొగిడే మాటలుంటాయి. ఎవరిది అని చెప్పే "స్య" మాత్రం కనపడదు. నాలందా భిక్షువులకు ఆ ఒక్క అక్షరం రాయగల ధైర్యమున్నది, సంఘానిది అని. ఆ సంఘంలో తమకు అన్నం పెట్టిన వాళ్ళను చేర్చుకోలేకపోయారు. వారి నుంచి మనం నేర్చుకోవలసింది ఆ అక్షరాన్ని. సరిదిద్దవలసింది దాని ముందున్న మాటను. పన్ను కట్టే వాళ్ళ పిల్లలు ప్రశ్నల ద్వారం దాటి లోపలికి రాగలిగే బడులూ కళాశాలలూ పెట్టనంతకాలం, చక్రాన్నీ లేళ్ళనూ ఎంత అందంగా అచ్చువేసినా ఆ పాత ఒప్పందమే సాగుతుంది.